సముద్రతీరమున నిల్లాలికి సెలవు

సెలవు అను మాట మన యిండ్లలో దినమున కెన్నియో మాఱులు వినబడుచుండును. పిల్లలకు బడిసెలవు, మగవారికి కచేరీసెలవు, పండుగనాడు పాలవానికి సైతము సెలవు. ఇల్లాలికి సెలవెన్నడని యడిగినవారరుదు. ఉద్యోగము చేయు నిల్లాలికి కచేరీవారు సెలవిచ్చినను వంటయిల్లు సెలవీయదు. విహారయాత్ర యని పేరుపెట్టి బయలుదేరినప్పుడును మనము చేయునది తఱచుగా వంటయింటిని మూటగట్టి మఱియొక యూర విప్పుటయే. అటుకులు, ఊరగాయలు, చిన్న కరెంటుపొయ్యి, పిల్లల మందులు, పెద్దల మందులు, తడిబట్టలకొక సంచి, చిరుతిండ్లకొక డబ్బా, ఇవన్నియు సర్దునది మనమే. ఎవరి వస్తువు ఏ సంచిలో నున్నదో దారి పొడవునను చెప్పునదియు మనమే. తిరిగివచ్చిననాడు తక్కినవారు యాత్ర హాయిగా సాగెనని చెప్పుకొనుచుండగా ఇల్లాలు మాసిన బట్టల రాశిముందు గూర్చుండును.

ఈ సంవత్సరము మా యింట సముద్రతీరమున కొక వారము పోవలెనని తలంపు కలిగినప్పుడు, ఏ యూరు, ఏ రైలు అనువానికంటె ముందుగా మేమొక మాట యడిగితిమి: ఈ సెలవు ఎవరికొఱకు? ఈ ప్రశ్న తెగువఱకు టికెట్టు కొనరాదంటిమి. అది తెగిన పిమ్మట ఊరు, ఋతువు, బస, భోజనము అన్నియు నొకదానివెంట నొకటి తేలినవి. అవి యెట్లు తేలెనో తెలిపినయెడల ఇట్టి యాత్ర తలపెట్టు సోదరీమణులకు కొంత యుపయోగపడునని వ్రాయుచున్నాము.

మేమన నీ యింటి కోడండ్ర మిద్దఱము. మా నివాసము హైదరాబాదున మాసబ్ ట్యాంకు. ఈ పేటకు ముందుండిన పేరు 'మా సాహెబా తాలాబ్'. కుతుబ్‌షాహీల కుటుంబమున మా సాహెబా యని గౌరవింపబడిన యొక తల్లి పేరిట వెలసిన చెఱువది. జనుల నోట మా సాహెబా 'మాసబ్' అయినది, తాలాబు 'ట్యాంకు' అయినది. చెఱువు మాత్రము లేదు. అది యుండినచోట నిప్పుడు చాచా నెహ్రూ పార్కు ఉన్నది. నీరు పోయి పేరు నిలిచిన తావున కాపురముండువారము మేము. తెల్లవాఱినది మొదలు వంతెనమీది బండ్ల హోరే మాకు అలల చప్పుడు. పిల్లలకు నీటిని చూపవలెనన్న హుస్సేన్‌సాగరపు గట్టునకు గొనిపోవుదుము. 1562లో కట్టించిన యా చెఱువు గొప్పదే, కాని మా చిన్నవాడు దానిని జూచి, “ఆవలి యొడ్డు కనబడని నీళ్లు ఎక్కడ నుండును?” అని యడిగెను. ఈ యాత్రకు బీజము ఆ ప్రశ్నయే.

తలంపు కలుగుటయే తడవుగా ఇంటిలో మూడు పక్షము లేర్పడినవి. మా పెద్దపిల్ల సెల్‌ఫోనులో కరిబియను సముద్రపు దీవుల బొమ్మలు చూపినది. జమైకా పడమటి కొసన నెగ్రిల్ అను చిన్నయూరట; కొబ్బరిచెట్లకు త్రాటియుయ్యాల గట్టుకొని దినమంతయు నూరక పండుకొనుటయే అచటి వ్యాపారమట. ఆ దీవులకు మనదేశపువారు పూర్వమును పోయినారు. 1845లో జమైకాకు, 1853లో మార్టినిక్ దీవికి కూలియొడంబడిక వ్రాసియిచ్చి యోడలెక్కినవారు గలరు. వారిని తీసికొనిపోయినది చెఱకుతోటలలో వెన్ను వంచుటకు. ఉయ్యాల లూగుటకు గాదు. ఈ సంగతి పిల్లకు జెప్పితిమి. విని, కొంతసేపూరకుండి, “అయితే ఉయ్యాల మనకు దగ్గఱ నెక్కడను దొరకదా?” యన్నది.

మగవారి పక్షము వేఱు. వారు కాగితము కలము దీసికొని విశాఖపట్టణమును నడుమ నుంచి, నాలుగు దినములలో పదునొకండు స్థలములు చుట్టివచ్చు నొక పట్టిక సిద్ధముచేసిరి. సింహాచలము, అరకులోయ, బొఱ్ఱాగుహలు, కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ, కురుసురా జలాంతర్గామి, వచ్చునపుడు అన్నవరము, ఇత్యాది. ప్రతిస్థలమునకును గంటలు, నిమిషములు గూడ వేసిరి. ఆ పట్టికలో సముద్రమునకు దొరకినది మూడవనాటి సాయంత్రము నలుబదియైదు నిమిషములు!

మూడవ పక్షము మా అత్తగారు. ఆమె డెబ్బది నాలుగేండ్లది, మోకాళ్లరిగి యున్నవి. రానున్న సంవత్సరమునకు నడక యింకను దగ్గవచ్చునని వైద్యుడు చెప్పియున్నాడు. ఆ మాట ఇంటిలో నందఱును వినిరి గాని పట్టిక వ్రాయునపు డెవరును దలపలేదు. మేమడుగగా ఆమె యన్నది: “నాకేం చూపెట్టకుండ్రి బిడ్డా. సముద్రం కాడ కూసోబెట్టుండ్రి. పెండ్లయిన కొత్తల మీ మామ ఒకసారి చూపెట్టిండు. మల్ల చూడలే.”

అప్పుడు మాకు దోచిన దేమన, పదునాలుగేండ్ల పిల్ల కోరినదియు, డెబ్బదినాలుగేండ్ల పెద్దది కోరినదియు నొక్కటే. ఇద్దఱికిని గావలసినది తొందర లేని యొక యూరు, కూర్చుండుట కింత యిసుక, ఎదుట సముద్రము. ఇంతకు మేము కోరినదియు నదియే. ఎవరు నడుగమి చెప్పలేదు. ఈ సెలవు మొదట కూర్చుండగోరిన యాడువారి కొఱకని యప్పుడు తీర్మానమైనది. తిరుగగోరువారు దినమున కొకచోటికి పోయివచ్చుటకు అభ్యంతరము లేదంటిమి.

ఇక నూరి నెన్నుకొనుట. హైదరాబాదువారికి సముద్రమన నేడు ముందుగా దోచునది బాపట్లకడ సూర్యలంక. దగ్గఱిదగుటచేతనే శనివారము, ఆదివారము నగరమంతయు నచటనే యుండును. చీరాలకడ వాడరేవును, మచిలీపట్టణముకడ మంగినపూడియు నున్నవి; ఒకపూట కవి చక్కనివే. వారము దినములు నెమ్మదిగా గడపుటకు, కొంత చరిత్రయు, కొంత పచ్చదనమును గలిగి, అవసరమైనచో పెద్ద యాసుపత్రి చేరువగా నుండు నూరు కావలెనని వెదకగా మాకు భీమునిపట్టణము కుదిరినది. విశాఖపట్టణమునుండి తీరపుబాట వెంబడి ముప్పది కిలోమీటర్లకు లోపుగానే యున్నది. జనులు భీమిలి యని ముద్దుగా బిలుతురు.

ఈ యూరిని గుఱించి కొంత చెప్పుట మంచిది. పోవుచోటి కథ ముందే తెలిసియున్న కన్నులకు పని తగ్గును, మనసునకు విందు హెచ్చును. భీముడు బకాసురుని జంపి యిచటి కొండపై నరసింహస్వామిని నిలిపెనని స్థలపురాణము. ఆ కొండనే పావురాళ్లకొండ యందురు. దానిపై బౌద్ధుల విహారముల శిథిలములును, వాననీరు నిలువజేసికొనుటకు రాతిలో దొలిచిన తొట్లును గలవు. 17వ శతాబ్దమున డచ్చివర్తకులు వచ్చి యిచట కోటయు వర్తకశాలయు నెలకొల్పిరి. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి వచ్చినది. డచ్చివారి గోరీలు నేటికిని దీరమునకు జేరువనే యున్నవి. 1861లో పురపాలకసంఘ మేర్పడిన ఈ యూరు మన దేశపు మిక్కిలి పాత పురపాలకములలో నొకటి. ఇప్పుడు మహావిశాఖ నగరమున జేరియున్నది. బొఱ్ఱాగుహల కడ బుట్టిన గోస్తనీనది యిచటనే సముద్రమున గలియును.

వంటయింటి వారమైన మనకు బ్రియమైన కథ మఱియొకటి గలదు. ఈ రేవునుండి దేశాంతరములకు బోవుచుండిన గోగునారకు విదేశవర్తకులు 'బిమ్లీ జనపనార' యని పేరుపెట్టిరి. బిమ్లీ యన భీమిలియే. గోగుమొక్క మనము పచ్చడి నూరు గోంగూరకు స్వజాతియే గదా! ఆకు మన రోటిలోనికి వచ్చినది, నార గోనెసంచియై లోకమంతయు దిరిగినది. రైళ్లు వచ్చి, విశాఖపట్టణపు పెద్దరేవు 1933లో తెఱవబడిన తరువాత భీమిలి రేవునకు బని తగ్గినది. పని తగ్గుటచేతనే యూరు నెమ్మదించినది. ఆ నెమ్మదియే నేడు మాబోంట్లను బిలుచుచున్నది. ఒకరి జీవనము తగ్గినచోట మఱియొకరికి విశ్రాంతి దొరకుట విచిత్రమే.

ఆ తీరపు స్త్రీలకు సముద్రము విహారస్థల మెన్నడును గాదు. రంగూనుకు బోవు పొగయోడలు ఈ తీరపు రేవులనుండి కూలీలను దీసికొనిపోవుచుండిన దినములలో, ఓడ కనుమఱుగగువఱకు నొడ్డున నిలిచిన యిల్లాండ్రెందఱో! 1942లో యుద్ధము బర్మాకు బ్రాకినపుడు అచటి తెలుగువారు వేలకొలదిగా, కొందఱు కాలినడకన, తిరిగి రావలసివచ్చినది. నేటికిని జాలరి యిల్లాలికి సముద్రమే పొలము, సముద్రమే వంటయిల్లు. తెల్లవాఱక మునుపే పడవ కెదురుపోయి, చేపలను బేరముచేసి, గంప నెత్తిన బెట్టుకొని యూరిలోనికి బోవును. మనము సెలవు గడుపు నిసుక వారు పనిచేయు తావని పిల్లలకు ముందే చెప్పియుంచితిమి. వలలు తొక్కరాదు, పడవలెక్కరాదు, వారి ముఖములకు అడుగక ఫోను చూపి బొమ్మలు తీయరాదు, చేపవెలకు రూపాయి రూపాయికి వాదింపరాదు. ఇవి మా యింటి కట్టుబాట్లు.

ఋతువును గుఱించి. ఆ తీరమున అక్టోబరు, నవంబరు నెలలు గాలివానల కాలము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై బడి చెట్ల నెట్లు నేలగూల్చెనో యందఱకు జ్ఞాపకమే. వేసవిలో నెండకంటె ఉక్క హెచ్చు, పెద్దవారు తాళలేరు. కనుక సంక్రాంతి దాటిన పిమ్మట పోవుట మంచిదని నిశ్చయించితిమి. ఇందు మఱియొక సౌకర్యము గలదు. పండుగకు ముందు హైదరాబాదు సగము ఖాళీయై కోస్తాకు దరలును. పండుగ యైన పిదప నా జనమంతయు నిటు మరలును. కనుమ గడచిన తరువాత మేము బయలుదేరినచో జనప్రవాహమునకు ఎదురుగా బోవుదుము. వారము గడచి మరలువేళకు ఆ రద్దీ యణగును. పిల్లలకు బడి కొన్నిదినములు తప్పును. ఉపాధ్యాయురాలి నడిగి పాఠములు ముందుగా దెచ్చుకొంటిమి. పండుగకు జేసిన సకినాలు దారికి దొరకుట గూడ నొక లాభమే.

రైలు టికెట్టు ప్రయాణమునకు 60 దినములకు ముందు మాత్రమే దొరకును. 2024 నవంబరునకు మునుపు 120 దినముల గడువుండెడిది. కాబట్టి గోడపంచాంగముపై ఆ దినమునకు గుర్తు పెట్టుకొని యుదయమున ఎనిమిది గంటలకే సిద్ధముగా నుండవలెను. పగటి వందేభారత్ రైలు సుమారు ఏడువందల కిలోమీటర్లను తొమ్మిది గంటలలోపుగా జేర్చును. కాని యంతసేపు కూర్చుండిన మా అత్తగారి మోకాళ్లు బిగిసికొనిపోవును. రాత్రి పండుకొని పోదగిన గోదావరి ఎక్స్‌ప్రెస్సే మాకు దగినది. 1974 నుండి నడచుచున్న పాతబండి. సాయంకాల మెక్కిన తెల్లవాఱుసరికి విశాఖపట్టణము. నలుబదియైదేండ్లు నిండిన స్త్రీలకును, వృద్ధులకును క్రిందిపడక ఇచ్చు నేర్పాటు గలదు. కాని టికెట్టు తీయునపుడు వయస్సు సరిగా వ్రాయవలెను. 2025 జనవరిలో చర్లపల్లి క్రొత్త స్టేషను తెఱచిన తరువాత కొన్ని బండ్లు అచటికి మాఱినవి గనుక, ఎక్కు స్టేషను ఏదో టికెట్టుపై జూచుకొని మఱి యింటినుండి కదలవలెను.

ఇచ్చట మా యింట నసలు వాదము వచ్చినది. మగవారు భీమిలికడ నొక చిన్నయిల్లు అద్దెకు జూచిరి. రెండు గదులు, వంటయిల్లు, పాత్రలు, పొయ్యి యన్నియు గలవట. “ఖర్చు తక్కువ. పైగా మీ చేతివంట తిందుము. అమ్మకు బయటి తిండి పడదు,” అని వారి వాదము. మూడు మాటలును వినుటకు న్యాయముగనే యున్నవి. మొదటిది మితవ్యయము, రెండవది పొగడ్త, మూడవది మాతృభక్తి. ఇందుల దేనిని గాదనగలము? మేము కొంతసేపు బదులు చెప్పక పప్పుడబ్బా తెచ్చి ముందు బెట్టితిమి. అచటి వంటయింట ఏడుగురికి వారము దినములు మూడుపూటల వండుటకు ఏమేమి కొనవలెనో, ఎన్నిగంటలు నిలువవలెనో, అంట్లెవరు తోమవలెనో కాగితముపై వ్రాయుడంటిమి. పదునొకండు స్థలములకు నిమిషములు వేసిన చేయి ఈ లెక్క వేయుటకు మాత్రము నిలిచిపోయినది. దినమునకు కనీసము ఐదు గంటలని తేలినది. వారమునకు ముప్పదియైదు గంటలు. ఆ గంటలు సముద్రమునకు వీపు పెట్టి నిలుచుటకా మేమచటికి బోవునది?

అప్పటికిని “అమ్మకు పడదు” అను మాట మిగిలియుండెను. అది తేల్చవలసినది అమ్మయే. ఆమె యెదుటనే వాదము జరుగుచుండెను గాని యంతవఱకు ఆమె నడిగినవారు లేరు. మా అత్తగారు పొడుముకాయ మూతపెట్టి, “యాభై ఏండ్లు వండిన. పెండ్లిండ్లకు వండిన, సావులకు వండిన, జరం ఉన్ననాడు సుత వండిన. ఒక్క వారం దినాలు ఎవరన్న ఇడ్లీ పెడితె తింట. నాకు పడుతది,” అన్నది. తరువాత మావైపు దిరిగి, “మీరు సుత కూసోండ్రి,” అన్నది. ఆ గదిలో పిమ్మట వాదించినవారు లేరు. అద్దెయిల్లు విడిచి, భోజనము పెట్టు చిన్న బస నొకదానిని గుదుర్చుకొంటిమి.

బస కుదుర్చుకొనుటకు మునుపు ఫోనులో మేమడిగిన ప్రశ్నలు మీకును బనికివచ్చును. క్రింది యంతస్తున గది గలదా? మెట్లెన్ని? కుర్చీవంటి మరుగుదొడ్డి యున్నదా, పట్టుకొనుటకు గోడకు కడ్డీ గలదా? వేడినీరు ఏ వేళ వచ్చును? కారము తగ్గించి వండుదురా? రాత్రి అన్నము ఏ గంటవఱకు దొరకును? కిటికీలకు దోమతెఱలు గలవా? తీరమున కెన్ని యడుగులు, దారి చదునా? బొమ్మలలో నందమైన పఱపులు కనబడును, మెట్లు కనబడవు. పెద్దలున్న కుటుంబమునకు పఱపుకంటె మెట్ల లెక్క ముఖ్యము. కరెంటుపొయ్యి మేము తీసికొనిపోవుట లేదు. మా అత్తగారి యుదయపు రాగిజావకు పిండి మాత్రము పొట్లము గట్టితిమి. దానిని దినమున కొకరు చొప్పున మగవారు కాచి యిచ్చుట కొడంబడిక.

ఇక నన్నిటికంటె ముఖ్యమైన సంగతి, సముద్రపు జాగ్రత్త. ప్రతి సంవత్సరమును మన తీరమున సంతోషముగా స్నానమునకు దిగినవారిలో కొందఱు తిరిగి రాకపోవుట పత్రికలలో జదువుచున్నాము. వీరిలో ననేకులు అల కొట్టినందున గాదు, లాగుడు ప్రవాహము వలన బోవుదురు. అలలు వరుసగా నొడ్డునకు నీటిని దెచ్చి పోయును. ఆ నీ రంతయు దిరిగి లోనికి బోవలెను గదా. అది యొక సన్ననిదారి చేసికొని వడిగా లోనికి బాఱును. ఆ దారిలో అలలు విఱుగవు. కాబట్టి చూచువారికి అదియే నెమ్మదియైన చోటుగ గనబడును. తెలియనివారు అలలు లేవని యచటనే దిగుదురు. అందు జిక్కినవారు ఒడ్డువైపు నేరుగా నీదిన నలసిపోవుదురు. ప్రవాహముతో బెనగులాడక, తీరమునకు సమానముగా ప్రక్కకు నీది, లాగుడు తప్పిన పిమ్మట నొడ్డునకు రావలెను. ఈతరానివారు బెదరక తేలుటకు బ్రయత్నించి చేయెత్తి పిలువవలెను. నదీముఖమున, అనగా గోస్తని కలియుచోట, నీటిపోకలు గంట గంటకు మాఱును. అచట దిగమని నిశ్చయించితిమి.

మఱియొక వింత చెప్పవలెను. సముద్రమున కింత దూరమున నున్న మన హైదరాబాదులోనే, ప్రగతినగరు కడ, ఇన్‌కాయిస్ అను జాతీయ సముద్ర సమాచార కేంద్రము గలదు. 1999లో నెలకొల్పబడిన యీ సంస్థ అలల యెత్తు, ఉప్పెన, సునామీ మున్నగువాని గుఱించి ముందుగా దెలుపుచుండును. 2007 నుండి సునామీ హెచ్చరిక కేంద్రము గూడ నిచటనే నడచుచున్నది. చెఱువులెండిన యూర గూర్చుండి సముద్రపు నాడి చూచువారు గలరన్న మాట! వారు ప్రకటించు అలల సూచన ప్రతియుదయము జూచి, స్థానికులైన జాలరుల నడిగి, మఱి పాదము తడుపవలెనని యేర్పఱచుకొంటిమి. జాలరి వలదన్నచోట దిగరాదు. అతనికంటె నా నీటి నెఱిగినవారు లేరు.

స్త్రీలు ప్రత్యేకముగ గమనింపవలసినది వస్త్రము. ఆఱు గజముల చీర తడిసిన కాళ్లకు జుట్టుకొని బరువై లాగును. ముసలివారును, ఈతరానివారును చీరతో మోకాలిలోతు దాటరాదు. మేము సల్వారు కమీజులు సర్దుకొంటిమి. సముద్రపుటొడ్డున నిట్లు కూర్చుండుట యేమి మర్యాద యని సందేహించువారు పడమటిదేశముల కథ వినదగును. 18వ శతాబ్దమున ఇంగ్లండులో రిచర్డ్ రస్సెల్ అను వైద్యుడు సముద్రజలము రోగములకు మందని 1750లో గ్రంథము వ్రాయగా, బ్రైటన్ అను జాలరిపల్లె కొన్ని దశాబ్దములలో గొప్ప విహారపట్టణమైనది. వారికి వైద్యుని యనుమతి కావలసివచ్చినది. మన పెద్దలకు పంచాంగము చాలును. పర్వదినమున దప్ప సముద్రమును దాకరాదని మా అత్తగారి నియమము. ఆమె యదృష్టమున మేము పోవు వారములోనే పుష్యబహుళ అమావాస్య వచ్చుచున్నది. గోదావరివారు చొల్లంగి యమావాస్య యని సముద్రస్నానము చేయు దినము. అయితే అమావాస్యకును పూర్ణిమకును పోటు హెచ్చుగా నుండును. కావున నాడు ఆమెను నీట దింపక, అల నురుగు వచ్చి విఱుగుచోట కుర్చీ వేసి కూర్చుండబెట్టుదుము. సముద్రమే వచ్చి పాదములు కడిగి పోవును. నెత్తిన నాలుగు చుక్కలు చల్లుటకు కొడుకు లిద్దఱు ప్రక్కల నుందురు. ఈ యేర్పాటు వినగానే ఆమె నవ్వినది. పుణ్యమున కిది చాలునట.

దినచర్య యందు మేమేమియు వ్రాసికొనలేదు. తిరుగగోరినవారు పోవుటకు ఎఱ్ఱమట్టిదిబ్బలున్నవి. గాలియు నీరును వేలయేండ్లు మలచిన యా దిబ్బలు 2014లో జాతీయ భూవారసత్వ స్థలముగ గుర్తింపబడినవి. వానిపై బిల్లలు జాఱి యాడుదురు గాని, ఒక్కొక్క యడుగును వానిని గొంత కరగించును; దారి విడువవలదని చెప్పితిమి. తొట్లకొండయు దగ్గఱనే. మఱియు నా కాలమున సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు రాత్రులందు తీరమునకు వచ్చును. చీకటిలో దీపములు చూపి వానిని బెదరింపరాదు. తేగలు దొరకు కాలమగుటచేత పిల్లలకు వేఱు చిరుతిండి యక్కఱలేదు. తక్కిన కాలమంతయు నిసుక మీదనే. పిల్ల కోరిన త్రాటియుయ్యాల నగరముననే కొంటిమి; మోయునంత తేలిక.

వ్యయము లెక్క నాలుగు భాగములు జేసితిమి: రైలు, బస, భోజనము, అనుకొనని యవసరము. నాలుగవ భాగము నెవరును దాకరాదు. ఇందు మఱియొక పద్దు చేర్చుట మేము మఱువలేదు. మా యింట అంట్లు తోమి, ఇల్లూడ్చు నామెకు మేము లేని వారమున బని యుండదు. పని లేదని జీతము కోయుట చాలయిండ్ల వాడుక. మాకు సెలవు దొరకిన వారము ఆమెకు గూలి తప్పినచో మా విశ్రాంతిని ఆమె కడుపున బెట్టి కొన్నట్లగును. కావున పూర్తి జీతమిచ్చి, ఆ వారము నీకును సెలవే యని చెప్పితిమి. ఆమె మొదట నమ్మక, “మరి నన్నెందుకు రమ్మంటరో ఆ దినం చెప్పుండ్రి,” అని రెండుమాఱు లడిగినది. సెలవన్నది వినుటకు గూడ నలవాటు గావలెను.

సోదరీమణులారా, సముద్రము ధనికుల సొత్తు గాదు. దూరదేశములందే యుండునదియు గాదు. మనకు గొదువ యైనది తీరము గాదు, తీరిక. ఆ తీరికను ఎవరో తెచ్చి యిత్తురని యెదురుచూచిన నది రాదు. యాత్ర పట్టిక వ్రాయుదినముననే దానికొక పంక్తి మన చేతితో మనము వ్రాసికొనవలెను. మీ యింట రాబోవు ప్రయాణమునకు కాగితము తీసినప్పుడు, వంట యెవరిది, అంట్లెవరివి, కూర్చుండున దెవరు అని మొదట వ్రాయుడు. ఇంటిలోని మిక్కిలి పెద్దదానిని, మిక్కిలి తక్కువగా నడుగబడుదానిని, ముందుగా నడుగుడు. ఆమె చెప్పు నూరు తఱచుగా దగ్గఱనే యుండును. ఖర్చును దక్కువే యగును. మా టికెట్లు వచ్చినవి, క్రిందిపడకయు దొరకినది.